స్ట్రింగర్ (విలువిద్య)

స్ట్రింగర్ అనగా వింటికి నారి తగిలించేటప్పుడు వింటి రెండు కొసలను ఒకేసారి, సమానంగా వంచి ఉంచే త్రాటి పరికరం. ఒక బలమైన త్రాడు, దాని రెండు చివరల తోలుతో గాని రబ్బరుతో గాని చేసిన తొడుగులు - ఇంతే దీని నిర్మాణం. త్రాటిని కాలితో త్రొక్కిపట్టి, వింటి పిడిని చేతితో పైకి లాగినప్పుడు విల్లు వంగుతుంది. అప్పుడు నారి ఉచ్చును తేలికగా కొప్పులోనికి జరపవచ్చును. సంప్రదాయిక విళ్లకు, ఒలింపిక్ క్రీడలలో వాడే రికర్వ్ విళ్లకు ఇది ఉపయోగపడుతుంది. కప్పీలు గల కాంపౌండ్ విళ్లకు పనికిరాదు.

చూడడానికి ఇది అతి సామాన్యమైన వస్తువు. కాని విల్లు విరిగే ప్రమాదం, విలుకానికి గాయమయ్యే ప్రమాదం బాణం వదిలేటప్పటి కంటె నారి ఎక్కించేటప్పుడే ఎక్కువగా పొంచి ఉంటాయి. ఆ కొద్ది క్షణాలను సురక్షితం చేయడమే ఈ త్రాటి ప్రయోజనం.

ఎక్కుపెట్టడం అనే మాట

తెలుగులో విల్లు "ఎక్కుపెట్టడం", "ఎక్కిడడం" అంటే మొదటి అర్థం నారిని వింటి కొసకు ఎక్కించడమే. సంస్కృతంలో దీనినే ఆరోపణమనీ, నారి ఎక్కిన వింటిని సజ్యము లేక అధిజ్యము అనీ అంటారు. నేటి వార్తాపత్రికల భాషలో "తుపాకీ ఎక్కుపెట్టాడు", "విమర్శనాస్త్రాలు ఎక్కుపెట్టారు" అనే ప్రయోగాల వలన ఈ మాటకు గురిపెట్టడమనే అర్థం స్థిరపడిపోయింది. తుపాకీకి నారి లేదు గనుక ఎక్కుపెట్టవలసినదీ ఏమీ లేదు. విద్యార్థులు ప్రాచీన కావ్యాలు చదివేటప్పుడు ఈ భేదాన్ని గుర్తుంచుకొనకపోతే, స్వయంవర ఘట్టాలలో రాజులు ఎందుకు అంతగా అవస్థపడ్డారో అర్థం కాదు. వారు విఫలమైనది గురిపెట్టడంలో కాదు, అంతకు ముందరి పనిలోనే.

నారికి తెలుగులో అల్లె, అల్లెత్రాడు, గొనయము అనే పేర్లున్నాయి. జ్య, మౌర్వి, శింజిని సంస్కృత పదాలు. వింటి కొసను కొప్పు అంటారు. చేతితో పట్టుకొనే నడిమి భాగం పిడి. పిడికి ఇరువైపుల వంగే భాగాలను ఈ వ్యాసంలో బద్దలు అని పేర్కొనడమైనది. క్రీడాకారులు వీటిని లింబ్‌లు అంటారు. విలుకాని వైపు ఉండే ముఖం లోపలి ముఖం, లక్ష్యం వైపు ఉండేది వెలుపలి ముఖం. స్ట్రింగర్‌కు మాత్రం వాడుకలో స్థిరపడిన తెలుగు పేరు లేదు. శిక్షకులు, విద్యార్థులు స్ట్రింగర్ అనే వ్యవహరిస్తున్నారు.

అవసరం ఎందుకు కలిగింది

వింటిని ఎల్లప్పుడూ నారితో ఉంచరాదు. వెదురు, కర్ర విళ్లను ఎక్కుపెట్టి వదిలివేస్తే అవి క్రమంగా ఆ వంపుకు అలవాటుపడి బలం కోల్పోతాయి. అందువలన వాడే ముందు నారి ఎక్కించడం, పని ముగిసిన తరువాత దింపడం నిత్యకృత్యం. నేటి రికర్వ్ విల్లును బద్దలు ఊడదీసి పెట్టెలో సర్దుతారు గనుక దానికీ ఇది తప్పదు. వారానికి ఆరు దినాలు అభ్యాసం చేసే విద్యార్థి ఏడాదికి మూడు వందల సార్లు విల్లు ఎక్కుపెట్టి, మరి మూడు వందల సార్లు దింపుతాడు. ఒక్కసారి జరిగే కొద్దిపాటి అపచారం విల్లును ఏమీ చేయకపోవచ్చు. అది వందలసార్లు జరిగినప్పుడు బద్ద మెలితిరుగుతుంది.

చేతులతోనే ఎక్కుపెట్టే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది కాళ్ల మధ్య నుంచి వింటిని దూర్చి, క్రింది కొసను ఒక పాదం మడమ ముందు ఆనించి, పిడిని మరొక తొడ వెనుక భాగానికి నొక్కి, పై బద్దను చేతితో ముందుకు వంచడం. ఇది చాలా ప్రాచీనమైనది. క్రీ.పూ. 4వ శతాబ్దానికి చెందిన కుల్-ఓబా బంగారు పాత్రపై ఒక శక యోధుడు కాళ్ల మధ్య వింటిని ఇరికించి నారి ఎక్కిస్తూ కనిపిస్తాడు. ఆ పాత్ర రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నది. రెండవది క్రింది కొసను పాదం ప్రక్కన ఆనించి, ఒక చేతితో పిడిని లాగుతూ మరొక చేతితో పై బద్దను నెట్టి, వ్రేళ్లతో ఉచ్చును జరిపే పద్ధతి. నిటారుగా ఉండే కర్ర విళ్లకు దీనిని ఇప్పటికీ వాడుతున్నారు.

ఈ రెండింటిలోనూ దోషం ఒకటే. బద్ద తాను వంగవలసిన తలంలో కాక కొంచెం ప్రక్కకు వంగుతుంది. చేతి బలం, తొడ ఒత్తిడి, పాదం ఆనిన చోటు - మూడూ ఒకే గీతపై ఉండడం దాదాపు అసాధ్యం. రికర్వ్ బద్ద వెడల్పుగా, పలుచగా ఉంటుంది. దాని నిర్మాణమంతా ముందు వెనుకలకు వంగడానికి ఉద్దేశించినదే. మెలి తిరిగే బలం వచ్చినప్పుడు కొస ఒక ప్రక్కకు ఒరుగుతుంది. అటువంటి వింటిలో నారి బద్ద నడిమి గీతపై నిలువదు, ఒక్కొక్కప్పుడు కొప్పు గాడినుండి జారిపోతుంది. రెండవ పద్ధతిలో మరొక అపాయం కూడా ఉన్నది. చెమట చేతి నుంచి బద్ద జారితే అది నేరుగా విలుకాని ముఖం వైపు ఎగురుతుంది. కన్ను, దవడ, పండ్లు దెబ్బతింటాయి. ఇందుకే స్ట్రింగర్ లేకుండా విల్లు ఎక్కుపెట్టడాన్ని శిక్షకులు నిరుత్సాహపరుస్తారు.

పురాణాలలో, ఇతిహాసాలలో

వాల్మీకి రామాయణం బాలకాండలో శివధనుస్సును ఎనిమిది చక్రాలు గల ఇనుప మంజూషలో ఉంచి ఐదువేల మంది లాగుకొని వచ్చినట్లు వర్ణన ఉన్నది. రాముడు నారి ఎక్కించి, ఆకర్షించినప్పుడు విల్లు నడిమికి విరిగింది. జనశ్రుతిలో "ఎక్కుపెట్టగానే విరిగింది" అంటారు గాని, మూలంలో ఎక్కుపెట్టడం జరిగింది; విరిగినది నారి లాగినప్పుడు. కథను కథగానే తీసుకొన్నా, విళ్లు చేసేవారికి ఇందులో తెలిసిన సంగతి ఒకటి కనబడుతుంది: చాలాకాలం నారి లేకుండా పడియున్న వింటిని ఎక్కుపెట్టిన వెంటనే చెవిదాక లాగరాదు. కొద్ది కొద్దిగా లాగి వదలుతూ (చేతితోనే వెనుకకు తెస్తూ) దానిని మేల్కొలపాలి.

మహాభారతం ఆదిపర్వంలో ద్రౌపదీ స్వయంవరానికి వచ్చిన రాజులు వింటిని వంచబోయి, అది ఎగురగొట్టగా నేలపై పడ్డారు. వంచిన బద్ద చేయి జారినప్పుడు జరిగేది అదే. గ్రీకు కావ్యం ఒడిస్సీ 21వ సర్గలో ఇటువంటి ఘట్టమే ఉన్నది. ఒడిస్సియస్ వింటిని ఎక్కుపెట్టలేక, దానిని నిప్పు వద్ద కాచి, కొవ్వు పూసి వంచబోయారు అతని భార్యను కోరి వచ్చినవారు. అయినా సాధ్యపడలేదు. ఒడిస్సియస్ మాత్రం కూర్చున్న చోటు నుండి లేవకుండానే నారి ఎక్కించాడు. కొమ్ముతో చేసిన విళ్లను కొంచెం వెచ్చజేసి వంచడం నిజంగానే ఉన్న ఆచారం.

కొమ్ము విల్లును తెలుగు కావ్యాలలో సింగిణి అన్నారు. శార్ఙ్గము అన్నా కొమ్ము విల్లే. దీనికి లోపలి ముఖాన గేదె కొమ్ము, నడుమ కర్ర, వెలుపలి ముఖాన జంతువుల నరాల పీచు ఉంటాయి. వీటిని జంతుసంబంధమైన బంకతో అతుకుతారు. నారి దింపగానే ఈ విల్లు వెనుకకు, అనగా వ్యతిరేక దిశకు, ముడుచుకొంటుంది. కనుక దీనిని ఎక్కుపెట్టడం మామూలు వింటి కంటె ఎన్నో రెట్లు కష్టం. బలమైన వాటికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. ఒట్టోమాన్ తుర్కులు ఇందుకు తోలు పట్టీ వాడేవారు. దానిని కెమెంద్ అనేవారు. నేటి స్ట్రింగర్‌కు దీనిని పూర్వరూపంగా భావించవచ్చును. మన దేశపు వానాకాలపు తేమకు బంక మెత్తబడి సింగిణులు చెడిపోవడం వలన, 17, 18 శతాబ్దాలలో ఇక్కడ పూర్తిగా ఉక్కుతో చేసిన విళ్లు కూడా వాడుకలో ఉండేవి.

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో విల్లు

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో ఆయుధాగారాన్ని గురించి చెప్పిన చోట, విళ్లు తాటికర్ర, వెదురు, ఇతర కర్ర, కొమ్ములతో చేస్తారని ఉన్నది. నారికి మూర్వ, అర్క, శణ, గవేధు, వేణు, స్నాయువు అనే ఆరింటిని చెప్పాడు. అగ్నిపురాణం విల్లుకు లోహం, కొమ్ము, కర్ర అనే మూడు ద్రవ్యాలను, నారికి మరి మూడు ద్రవ్యాలను చెప్పి, నాలుగు మూరల విల్లు ఉత్తమమనీ, మూడున్నర మూరలది మధ్యమమనీ, మూడు మూరలది అధమమనీ నిర్ణయించింది.

అర్థశాస్త్రం చెప్పిన వాటిని తెలుగు పేర్లతో చూసుకొంటే పరాయివేమీ కావు. తాటిచెట్లు బాపట్ల, చీరాల తీరమంతా ఉన్నాయి. అర్క అంటే జిల్లేడు. పొలం గట్టు మీద, రైలు కట్ట మీద దానంతట అదే మొలుస్తుంది. దాని కాడల నుండి తీసిన నార సన్నగా, చాలా గట్టిగా ఉంటుంది. శణ అంటే జనుము. కృష్ణా పశ్చిమ డెల్టాలో వరికోతల తరువాత పశువుల మేతకు, పచ్చిరొట్టకు చల్లే పైరే అది. మూర్వ అంటే చాగ. మౌర్వి అనే నారి పేరు దీని నుండే వచ్చింది. మనుస్మృతిలో క్షత్రియ బ్రహ్మచారి మొలత్రాడు ఈ మౌర్వితోనే ఉండాలని చెప్పబడినది. సామర్లకోటలో పనిచేసి, 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ పేరు మీదుగానే ఈ మొక్కకు సాన్సెవీరియా రాక్స్‌బర్గియానా అనే శాస్త్రీయ నామం వచ్చింది. ఇప్పుడు దీనిని డ్రసీనా ప్రజాతిలో చేర్చారు.

ఈ ప్రాంతంలో విల్లుతో అత్యంత సన్నిహిత సంబంధం గలవారు నల్లమల చెంచులు. పల్నాడులోని మాచర్ల, వెల్దుర్తి వైపు నుండి దోర్నాల, యర్రగొండపాలెం మీదుగా శ్రీశైలం అడవుల దాకా వీరి గూడేలున్నాయి. కృష్ణకు ఆవలి, నాటి హైదరాబాదు రాజ్యపు చెంచుల జీవితాన్ని మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1943లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట నేరమైనది. నల్లమలలో 1983 నుండి పులుల అభయారణ్యం ఉన్నది. కనుక నేటి చెంచు యువకుని చేతిలో విల్లు కనిపిస్తే అది చాలావరకు పండుగకో, పోటీకో సంబంధించినదే. పొట్టిగా, నిటారుగా ఉండే వెదురు విల్లుకు స్ట్రింగర్ అవసరపడదు. క్రింది కొసను నేలకు ఆనించి, మోకాలితో నడుము నొక్కి, పై ఉచ్చును ఎక్కించవచ్చును. భిల్లుల విళ్లలో నారి కూడా వెదురు బద్దదే. అది త్రాడు వలె మెలిపడదు, తేమకు సాగదు.

మైదాన ప్రాంతంలో విల్లు ఆయుధంగా ఎప్పుడో మాయమైనది గాని, రెండు రూపాలలో ఇటీవలి వరకు బ్రతికే ఉన్నది. మొదటిది ఉండేలు. నేడు పిల్లలు పంగల కర్రకు రబ్బరు కట్టి దానిని ఉండేలు అంటున్నారు. ఉండేలు అనేది "ఉండ", "విల్లు" కలిసి ఏర్పడిన మాట. అది జంట నారులు గల వెదురు విల్లు. నారుల నడుమ చిన్న గుడ్డ పట్టీ ఉంటుంది, అందులో మట్టి ఉండను పెట్టి కొడతారు. జొన్నచేల మంచెల మీద నుండి పిట్టలను తోలడానికి వడిసెలతో పాటు దీనిని వాడేవారు.

రెండవది దూది ఏకే విల్లు. పత్తి పండే ఈ నేలలో దూదేకుల వారి వృత్తి పనిముట్టు ఇది. మనిషి పొడవుండే ఈ కర్ర పరికరానికి జంతువుల ప్రేగుతో చేసిన తంతి బిగించి ఉంటుంది. దానిని పైకప్పు నుండి వ్రేలాడదీసి, కర్ర గుండుతో తంతిపై కొడితే ఆ కంపనానికి దూది పింజలు విడిపోతాయి. పేరు విల్లే అయినా ఇది వంగదు. తంతి బిగువు కర్ర వంపు వలన గాక, తంతిని లాగి కట్టడం వలన వస్తుంది. విల్లుకు స్ట్రింగర్ ఎందుకు కావాలో ఈ పోలిక వలన తేటపడుతుంది. అసలు వింటిలో నారి ఎప్పుడూ వింటి కంటె పొట్టిది; విల్లు వంగితే తప్ప అది కొసకు అందదు.

తయారు చేసే విధం

బజారులో దొరికే స్ట్రింగర్లు రెండు రకాలు. ఒక దానిలో రెండు చివరల తోలు తొడుగులుంటాయి. క్రింది కొసకు వేసేది పెద్దది, పై కొసకు వేసేది చిన్నది. మరొక దానిలో క్రింది కొసకు తొడుగు, పై బద్దకు జీను వంటి రబ్బరు దిమ్మ ఉంటాయి. రికర్వ్ వింటికి రెండూ పనికివస్తాయి. కొసలు సన్నగా ఉండే నిడుపాటి కర్ర విళ్లకు జీను రకమే మేలు.

వీటిని ఇంటి వద్ద చేసుకొనవచ్చును. త్రాడు 6 మిల్లీమీటర్ల అల్లిక నైలాన్ త్రాడైతే మంచిది. ఎంపికకు గుర్తు ఒక్కటే: ఎదిగిన మనిషి దానికి వ్రేలాడినా తెగరాదు, ఎక్కువగా సాగరాదు. మిరప టిక్కీలు కుట్టే పురికొసను, పాతబడిన బావి చేదను ఇందుకు వాడరాదు. నూలు నవారు గట్టిదే గాని, కొత్తది కొన్నాళ్లపాటు సాగుతూనే ఉంటుంది.

త్రాటి పొడవు ముఖ్యమైన విషయం. 66 అంగుళాల, అనగా సుమారు 168 సెంటీమీటర్ల, వింటికి రెండు తొడుగుల మధ్య పూర్తయిన త్రాడు 190 నుండి 195 సెంటీమీటర్లుంటే చాలు. అనగా వింటి పొడవు కంటె జానెడు లేదా అంతకు కొంచెం ఎక్కువ. ముడులకు ఇరువైపుల ముప్పయ్యేసి సెంటీమీటర్లు వదిలి కోయాలి. సరిపోయినదీ లేనిదీ చూడడానికి తొడుగులు వేసి, త్రాటి నడుమ కాలు మోపి, త్రాడు బిగిసే వరకు వింటిని ఎత్తాలి. అప్పుడు పిడి మోకాలి దరిదాపున ఉండాలి. త్రాడు మరీ పొట్టిదైతే వంగి పనిచేయవలసి వస్తుంది. మరీ పొడవైతే పిడి రొమ్ము ఎత్తుకు వస్తుంది. అక్కడ చేతికి బలం ఉండదు, పైగా ముఖానికి దగ్గర. పొట్టి పిల్లలకు త్రాడు కొంచెం కురచగా ఉండాలి గనుక, బడిలో అందరికీ ఒకే స్ట్రింగర్ ఉంచినప్పుడు ముడి మార్చుకొనే వీలు కల్పించడం మంచిది.

తొడుగుకు చెప్పులు కుట్టేవారి వద్ద దొరికే 3 మిల్లీమీటర్ల మందపు తోలు ముక్క చాలు. దానిని వింటి కొసపై మడిచి చూసి, ఐదారు సెంటీమీటర్ల లోతు సంచిగా వచ్చేటట్లు మూడు ప్రక్కల కుట్టించాలి. మైనం పట్టించిన దారంతో రెండు వరుసలు కుట్టించడం అవసరం. బరువంతా కుట్టు మీదనే పడుతుంది. క్రింది తొడుగులో వింటి కొసతో పాటు నారి ఉచ్చు కూడా పట్టాలి గనుక అది కొంచెం వదులుగా ఉండాలి. పై తొడుగు మాత్రం కొప్పు గాడికి పైన ఉండే కొసను మాత్రమే కప్పాలి. గాడిని కప్పివేస్తే ఉచ్చు అందులోనికి దిగడానికి చోటుండదు. కొత్తగా చేసేవారు సాధారణంగా పొరబడేది ఇక్కడే. త్రాడు దూరే రంధ్రాన్ని తోలు అంచుకు మరీ దగ్గరగా పొడవరాదు, లోహపు కన్ను బిగించాలి. ముడికి ఎనిమిది అంకె ఆకారపు ముడి జారదు.

జీను రకం చేసేవారు అరచేతి వెడల్పు దళసరి తోలు పట్టీకి లోపలి వైపు పాత సైకిలు ట్యూబు ముక్కను అతికి, కుట్టించవచ్చు. రబ్బరు బద్దను పట్టుకొని జారకుండా ఆపుతుంది. ట్యూబుకు ఇసుక, దుమ్ము అంటితే బద్దపై గీతలు పడతాయి, పట్టూ తగ్గుతుంది. తరచు తడిగుడ్డతో తుడవాలి.

వాడే విధం

మొదట వింటిని, నారిని పరిశీలించాలి. బద్దలో బీటలు, పొరలు విడిన చోట్లు, నారిలో తెగిన పోగులు ఉంటే ఎక్కుపెట్టరాదు. నారికి రెండు ఉచ్చులలో పెద్దది పై బద్దకు, చిన్నది క్రింది బద్దకు. పెద్ద ఉచ్చును పై బద్దలోనికి దూర్చి క్రిందికి జార్చి, చిన్న ఉచ్చును క్రింది కొప్పు గాడిలో కూర్చోబెట్టాలి. తరువాత క్రింది కొసకు పెద్ద తొడుగు, పై కొసకు చిన్న తొడుగు వేయాలి. జీను రకమైతే నారి ఉచ్చు ఉన్న చోటుకు ఆనుకొని, పిడి వైపున జీనును వెలుపలి ముఖంపై కూర్చోబెట్టాలి.

ఇప్పుడు వింటిని నేలకు సమాంతరంగా, లోపలి ముఖం నేల వైపు, వెలుపలి ముఖం ఆకాశం వైపు ఉండేటట్లు పట్టుకోవాలి. నారి, స్ట్రింగర్ త్రాడు రెండూ క్రింద వ్రేలాడుతుంటాయి. నారిని ప్రక్కకు తప్పించి, స్ట్రింగర్ త్రాటిని మాత్రమే సరిగా నడుమ త్రొక్కాలి. రెండు పాదాలనూ కొంచెం ఎడంగా మోపితే నిలకడ ఎక్కువ. హవాయి చెప్పులతో త్రొక్కితే త్రాడు జారుతుంది. అడుగు గరుకైన బూటు ఉండాలి. పిడిని ఎడమ చేతితో నిటారుగా పైకి లాగాలి. నడుముతో కాక, మోకాళ్లు కొంచెం వంచి లేస్తూ కాళ్ల బలంతో లాగడం మంచిది. బద్దలు రెండూ సమంగా క్రిందికి వంగుతాయి. కుడిచేతి బొటనవ్రేలు, చూపుడు వ్రేలుతో పై ఉచ్చును కొస వైపు జరిపి గాడిలోనికి దించాలి.

లాగడం మొదలుపెట్టిన మొదటి క్షణంలో జీను జారే వీలున్నది. అందువలన అది బిగిసే వరకు కుడిచేతితో అదిమిపట్టి ఉంచి, తరువాతనే ఉచ్చును జరపాలి. ముఖాన్ని వింటికి పైగా వంచరాదు. ఎదురుగా ఎవరూ నిలబడరాదు. పిడిని ఒక్కసారిగా వదలక, సగం దించి, రెండు ఉచ్చులూ గాడులలో పూర్తిగా కూర్చున్నవో లేదో కంటితో చూసి, వ్రేలితో తడిమి, అప్పుడు పూర్తిగా దించాలి. ఈ పరీక్షకు పట్టేది రెండు క్షణాలే. సగం కూర్చున్న ఉచ్చు మొదటి బాణంతోనే ఊడివస్తుంది. అప్పుడు బాణానికి అందవలసిన శక్తి అంతా బద్దలలోనే ఉండిపోయి అవి పగులుతాయి. బాణం లేకుండా నారి లాగి వదలరాదనే నియమానికి కారణం కూడా ఇదే.

స్ట్రింగర్ తీసివేసిన తరువాత పిడికి, నారికి మధ్య దూరం కొలవాలి. ఒలింపిక్ రికర్వ్ వింటికి ఇది సుమారు 8.5 నుండి 9 అంగుళాలు, అనగా దాదాపు జానెడు. నిడుపాటి కర్ర వింటికి పిడికిలి బిగించి బొటనవ్రేలు నిలబెట్టినంత ఎత్తు, ఆరేడు అంగుళాలు. దూరం తక్కువైతే నారికి మెలికలు చేర్చి, ఎక్కువైతే కొన్ని మెలికలు తీసి సరిచేస్తారు. నారి దింపేటప్పుడు ఇదే క్రమం: తొడుగులు వేసి, త్రొక్కి, లాగి, పై ఉచ్చును గాడి నుండి తప్పించి, మెల్లగా దించాలి. చేయి అలసి ఉండే సాయంకాలపు వేళ దింపడం జరుగుతుంది గనుక, పొరపాట్లు అప్పుడే ఎక్కువ.

వేసవి ఎండలను గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. ఆంధ్రదేశంలో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన రెంటచింతల పల్నాడులోనే ఉన్నది. నేటి బద్దలు కర్ర, గాజునార, కార్బన్ పొరలను జిగురుతో అతికి చేసినవి. ఎక్కుపెట్టిన వింటిని తలుపులు మూసిన కారులోనో, రేకుల షెడ్డులోనో మధ్యాహ్నం వదిలివేస్తే జిగురు మెత్తబడి పొరలు విడతాయి. ఒకసారి విడిన బద్దను బాగుచేయడానికి ప్రయత్నించక తీసివేయడమే శ్రేయస్కరం.

క్రీడా శిక్షణలో

మన దేశంలో పోటీ విలువిద్యలో మూడు విభాగాలున్నాయి: ఇండియన్ రౌండ్, రికర్వ్, కాంపౌండ్. ఇండియన్ రౌండ్‌లో దేశవాళీ వెదురు విల్లు వాడుతారు. 50, 30 మీటర్ల దూరాలలో పోటీ ఉంటుంది. ఖర్చు తక్కువ గనుక బడి పిల్లలు సాధారణంగా దీనితోనే మొదలుపెడతారు. కాళ్ల మధ్య దూర్చి ఎక్కుపెట్టే అలవాటు కూడా ఇక్కడే పడుతుంది. వెదురు విల్లు ఆ మోటు పద్ధతిని కొంతకాలం ఓర్చుకొంటుంది. అదే విద్యార్థి తరువాత రికర్వ్ విల్లు పట్టినప్పుడు, తల్లిదండ్రులు అప్పు చేసి కొన్న బద్దలు కొద్ది నెలలలో మెలితిరిగిన సందర్భాలు ఉపాధ్యాయులకు తెలియనివి కావు. వెదురు విల్లు దశ నుండే స్ట్రింగర్ అలవాటు చేయించడం ఇందుకు విరుగుడు. వింటి ఖరీదుతో పోలిస్తే దీని ఖరీదు అత్యల్పం.

రికర్వ్ విభాగం ఒలింపిక్స్‌లో ఉన్నది. 70 మీటర్ల దూరం నుండి 122 సెంటీమీటర్ల లక్ష్యాన్ని కొడతారు. విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్ ఈ విభాగపు విలుకాడు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో పురుషుల రికర్వ్ జట్టు రజత పతకంలో ఇతడు భాగస్వామి. 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో అంకిత భకత్‌తో కలిసి నాలుగవ స్థానం పొందాడు.

విజయవాడకే చెందిన వెన్నం జ్యోతి సురేఖ అవే ఆసియా క్రీడలలో మూడు స్వర్ణ పతకాలు గెలిచింది. ఆమెది కాంపౌండ్ విభాగం. ఈ వింటి కొసలలో కప్పీలు, తీగలు ఉంటాయి. నారి ఎల్లప్పుడూ బిగించియే ఉంటుంది. దానిని మార్చాలంటే బద్దలను ఇరువైపుల నుండి నొక్కిపట్టే ప్రెస్ అనే యంత్రం కావాలి. పైన వర్ణించిన త్రాటి స్ట్రింగర్‌ను కాంపౌండ్ వింటికి తగిలించి నారి మార్చ ప్రయత్నించడం చాలా అపాయకరం. కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో చేర్చడానికి 2025లో నిర్ణయం జరిగింది.

భద్రపరచడం

స్ట్రింగర్‌ను వింటి పెట్టెలోనే ఉంచాలి గాని, త్రాడు కదా అని వేరే పనులకు వాడరాదు. తోలు తొడుగు వానకు తడిస్తే నీడన ఆరబెట్టి, కొద్దిగా నూనె పట్టించాలి. ఎండలో పెడితే బిరుసెక్కి కుట్లు తెగుతాయి. త్రాటిలో కాలు పడే నడిమి భాగం ముందుగా అరుగుతుంది. అక్కడ అల్లిక పోగులు లేచినట్లు కనిపించిన రోజుననే త్రాటిని మార్చివేయాలి, తొడుగులను కొత్త త్రాటికి తగిలించుకొనవచ్చును. విల్లు వంగి ఉన్న స్థితిలో త్రాడు తెగితే బద్దలు ఒక్కసారిగా వెనుకకు కొట్టి పిడి చేతిని విదిలిస్తుంది. పైన వంగి చూస్తున్నవారి ముఖానికే ఆ దెబ్బ తగులుతుంది.